సిరాగొడుగు గుర్తింపు కథ

తొలకరి వానలు పడి నేల చల్లబడిన పిమ్మట, ఏనాడో నరికివేసిన చెట్టు మోడు మొదట ఒక ఉదయమున చిన్న చిన్న గొడుగులు గుంపుగా లేచియుండుట కద్దు. ముందటి సాయంకాలము అచ్చట ఏమియు లేదు. ఉదయము గ్రుడ్డు ఆకారమున ముడుచుకొనియున్న ఆ గొడుగులు క్రమముగా గంటలవలె విచ్చుకొనును. మరునాటికి వాని అంచులు నల్లబడి, పైకి చుట్టుకొని, నల్లని ద్రవముగా చుక్కలు చుక్కలుగా కారిపోవును. ఆ పిమ్మట మోడుపై సిరా ఒలికినట్లు మరకలు మాత్రము మిగులును.

ఈ గొడుగులను ఆంగ్లమున ఇంక్ క్యాప్ అందురు. తెలుగున సిరాగొడుగు అనుట సులభము. తెలుగు పల్లెలలో గొడుగులను సాధారణముగా రెండుగా విభజింతురు. చెదపుట్టలపై మొలచి తినుటకు పనికివచ్చునది పుట్టగొడుగు, తినరానిది కుక్కగొడుగు. ఈ విభజనకు మూలమైన ప్రశ్న ఒక్కటే: "తినవచ్చునా?" శాస్త్రజ్ఞుడు అంతకు ముందే వేయవలసిన ప్రశ్న వేరొకటి కలదు: "ఇది ఏది?" ఈ రెండవ ప్రశ్న తేలనిదే మొదటిదానికి సమాధానము చెప్పరాదు.

కుళ్లిన కట్టెపై పెరుగు సిరాగొడుగుల విషయమున "ఇది ఏది?" అను ప్రశ్న తేలుటకు నాలుగువందల ఏండ్లు పట్టినది. ఒక్కొక్క తరమువారు ఒక్కొక్క గుర్తును ముఖ్యమైనదిగా నమ్మిరి. ఆ గుర్తులలో పెక్కు నిజమైనవే. కాని వానిలో ఏ ఒక్కటియు ఒంటరిగా చాలలేదు. ఆ కథ విద్యార్థులకును ఉపాధ్యాయులకును తెలియదగినది.

తొలి చిత్రము

1601వ సంవత్సరమున కరోలస్ క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అరుదైన మొక్కల చరిత్రను లాటిన్ భాషలో ప్రచురించెను. అందు పన్నోనియా దేశమున, అనగా నేటి హంగేరీ ప్రాంతమున, తాను చూచిన శిలీంధ్రములను గూర్చి ఒక ప్రత్యేక భాగము చేర్చెను. శిలీంధ్రములను గూర్చియే అచ్చయిన తొలి రచనలలో అది యొకటి. అందలి ఒక చెక్క అచ్చు బొమ్మలో మోడులపై పెరుగు మెరుపు సిరాగొడుగును తరువాతి శాస్త్రజ్ఞులు గుర్తుపట్టిరి.

క్లూసియస్ చేసిన విభజనయు తెలుగు పల్లెలలోని విభజన వంటిదే. తినదగినవి ఒక తరగతి, హానికరమైనవి మరియొక తరగతి. మెరుపు సిరాగొడుగును అతడు హానికరమైన వానిలో చేర్చెను. అది విషపూరితము కాదని తరువాత తెలిసినది. బొమ్మ సరిగానే యున్నది, తీర్పు తప్పినది. ఒక గొడుగును మరియొక గొడుగునుండి వేరుచేయు లక్షణములు ఏవో అప్పటికి ఎవరికిని తెలియవు. రూపము, రంగు, వాసన, మొలచిన చోటు, ఇవి తప్ప వేరు ఆధారము లేకుండెను.

ఇందు మరియొక కష్టము కలదు. పూలమొక్కను కోసి, కాగితముల నడుమ నొక్కి, ఆరబెట్టి, ఏండ్ల తరబడి భద్రపరచవచ్చును. సిరాగొడుగును అట్లు నిర్లక్ష్యముగా దాచినచో కొద్ది గంటలలో నల్లని ముద్ద యగును. కావున పరీక్షించువాడు దానితో పరుగుపందెము వేయవలసినదే.

మికేలి చూచినది

క్లూసియస్ కాలమునకు సూక్ష్మదర్శిని వాడుకలోనికి రాలేదు. నూరేండ్ల తరువాత ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమున పియర్ ఆంటోనియో మికేలి దానిని శిలీంధ్రములపైకి త్రిప్పెను. 1729లో ప్రచురించిన గ్రంథమున అతడు శిలీంధ్రములును సిద్ధబీజముల వలననే పుట్టునని ప్రయోగపూర్వకముగా చూపెను. కుళ్లునుండి గొడుగులు తమంత తామే పుట్టునని పెక్కుమంది నమ్ముచున్న కాలమది.

గొడుగు అడుగుభాగమున చేప మొప్పలను పోలిన పలుచని పలకలుండును. వానిని మొప్పలనియే అందురు. సిరాగొడుగు మొప్పపై సిద్ధబీజములు నాలుగేసి చొప్పున కూడియుండుటను మికేలి గమనించెను. మొప్పకును మొప్పకును నడుమ చిన్న స్తంభముల వంటివి నిలిచియుండుటను గూడ గమనించెను. మొప్పలు ఒకదానికొకటి అంటుకొనకుండ ఈ స్తంభములు ఆపుచున్నవని అతడు ఊహించెను. ఆ ఊహ సరియైనదని తేలుటకు ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చెను.

అభ్రకము, సిరా

1753లో లిన్నేయస్ మొక్కలకు రెండు పదముల నామకరణ పద్ధతిని స్థిరపరచినపుడు, మొప్పలున్న గొడుగులన్నిటిని అగారికస్ అను ఒక్క ప్రజాతిలో చేర్చెను. ఆ పెద్ద గంపలోనుండి సిరాగొడుగులను ఏరి పేర్లు పెట్టినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు పియర్ బుల్యార్. అతడు ఫ్రాన్సులోని మొక్కలను, శిలీంధ్రములను రంగుల పటములలో ముద్రించెను. కరిగిపోవు గొడుగును తాజాగా ఉన్నపుడే చిత్రించుట కంటె మేలైన సాధనము ఆనాడు లేదు.

1786లో అతడు వర్ణించిన ఒక గొడుగు పేరు అగారికస్ మైకేసియస్. మైకా అనగా అభ్రకము. గూడూరు ప్రాంతపు గనుల అభ్రకమును చూచినవారికి ఈ పేరు వెంటనే అర్థమగును. లేత గొడుగు పైభాగమున అభ్రకపు పొడి చల్లినట్లు సన్నని తెల్లని రేణువులు మెరయుచుండును. క్లూసియస్ చెక్కబొమ్మలోని మెరుపు సిరాగొడుగు ఇదియే. ఇది మోడుల మొదళ్లలోను, నేలలో పూడిపోయిన వేళ్లపైనను గుంపుగా పెరుగును.

బుల్యార్ వర్ణించిన మరియొక గొడుగు అగారికస్ అట్రమెంటేరియస్. లాటిన్ భాషలో అట్రమెంటమ్ అనగా సిరా. ఇది మెరుపు సిరాగొడుగు కంటె పెద్దది, బూడిదరంగుది. దీనిపై మెరుపు లేదు. ఇదియు నేలలో పూడియున్న కట్టెనుండియే తరచుగా లేచును.

అదే కాలమున ఇంగ్లండులోని హాలిఫాక్స్ పరిసరములలో జేమ్స్ బోల్టన్ శిలీంధ్రములను సేకరించి, తానే చిత్రించి, 1788 నుండి సంపుటములుగా ప్రచురించుచుండెను. అతడు వర్ణించిన వానిలో డొమెస్టికస్, అనగా ఇంటికి చెందినది, అను సిరాగొడుగు కలదు. తడిసి కుళ్లిన కట్టెపై అది పెరుగును. దాని మొదట నారింజరంగు నూలు పరచినట్లు శిలీంధ్ర తంతువుల చాప ఒకటి తరచుగా కనబడును. గొడుగులు మొలవకుండ ఈ చాప మాత్రమే చాలకాలము ఉండవచ్చును. అందుచే 1809లో జర్మనీ దేశపు లింక్ ఇట్టి చాపను వేరొక శిలీంధ్రముగా భావించి ఓజోనియమ్ అని పేరు పెట్టెను. ఒకే జీవి రెండు పేర్లతో రెండు చోట్ల జాబితాలకెక్కెను. చాపనుండి గొడుగు లేచుటను ఓపికగా చూచినవారి వలన తరువాత ఈ చిక్కు విడిపోయినది.

ఒకే కప్పు క్రింద

నెదర్లండ్స్ వంశీయుడగు పెర్సూన్ 1797లో సిరాగొడుగులకు కొప్రైనస్ అను ప్రజాతి నామమును పెట్టెను. గ్రీకు భాషలో కొప్రోస్ అనగా పేడ. ఈ గొడుగులలో పెక్కు పేడపైనను, పెంటపోగులపైనను పెరుగుటయే ఆ పేరునకు కారణము. కట్టెపై పెరుగువానికి గూడ ఆ పేరే వచ్చెను. 1801లో పెర్సూన్ తానే వీనిని మరల అగారికస్ లో ఒక విభాగముగా మార్చెను.

స్వీడన్ దేశపు ఎలియాస్ ఫ్రీస్ సిద్ధబీజముల రంగును విభజనకు ముఖ్యాధారముగా తీసికొనెను. గొడుగును కాగితముపై బోర్లించి ఉంచినచో సిద్ధబీజములు రాలి, మొప్పల అచ్చు పడును. ఆ అచ్చు తెలుపా, గులాబియా, గోధుమయా, నలుపా అనుటను బట్టి గొడుగులు వేరువేరు వర్గములకు చేరును. ఇది నేటికిని ప్రతి విద్యార్థియు ఇంటివద్ద చేయగల పరీక్ష. 1838లో ఫ్రీస్ కొప్రైనస్ ను ప్రత్యేక ప్రజాతిగా నిలిపెను. నల్లని సిద్ధబీజములు, కరిగిపోవు మొప్పలు దాని లక్షణములు. మైకేసియస్, అట్రమెంటేరియస్ అను రెండును అందు చేరినవి.

1837లో ఫ్రాన్సు దేశపు లెవెయ్యే మొప్పల పైపొరను పరిశీలించి, సిద్ధబీజములను మోయు కణములకు బెసీడియము అనియు, వాని నడుమ నిలుచు పెద్ద కణములకు సిస్టీడియము అనియు పేర్లు పెట్టెను. మికేలి చూచిన స్తంభములు ఈ సిస్టీడియములే. వీనిని బుల్యార్ పురుషాంగములుగా తలచియుండెను. మహాచిత్రకారుడైనను కనబడిన దానికి అర్థము చెప్పుటలో పొరపడవచ్చునని ఇందువలన తెలియుచున్నది.

ఇట్లు పందొమ్మిదవ శతాబ్దపు మధ్యమునకు గుర్తింపు సులభమైనట్లు తోచెను. కరిగి సిరా అయినచో అది కొప్రైనస్, కానిచో కాదు. అయితే ఒక చిన్న గొడుగు ఈ నియమమునకు లొంగలేదు. డిసెమినేటస్ అనునది మోడులపై వందల కొలదిగా మొలచును. గొడుగు వెడల్పు ఒక సెంటీమీటరు ప్రాంతము. సిద్ధబీజములు నల్లనివే, కాని మొప్పలు కరుగవు. దానిని కొందరు కొప్రైనస్ లోను, కొందరు సాథిరెల్లా అను వేరొక ప్రజాతిలోను ఉంచుచు వచ్చిరి. ఈ చిన్న తగవు ఒక పెద్ద సంగతికి సూచన యని అప్పుడెవరికిని తెలియదు.

సిరా ఎందుకు?

గొడుగు ఏల కరుగును? అది ముసలితనపు కుళ్లు కాదని స్పష్టముగా నిరూపించినవాడు ఆర్థర్ హెన్రీ రెజినాల్డ్ బుల్లర్. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1874లో జన్మించి, కెనడాలోని విన్నిపెగ్ నగరమున మానిటోబా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసెను. శిలీంధ్రములపై అతని పరిశోధనలు 1909 నుండి 1950 వరకు ఏడు సంపుటములుగా వెలువడినవి. కడపటిది అతడు 1944లో మరణించిన పిమ్మట అచ్చయినది.

మామూలు గొడుగులలో మొప్పలు క్రిందికి సన్నగిలు మేకువలె ఉండును. వాని నడుమ ఎడము చాలినంత కలదు. రాలిన సిద్ధబీజము తగులకుండ క్రిందికి జారగలదు. సిరాగొడుగు మొప్పలు కాగితములవలె పలుచగా, సమాంతరముగా, దగ్గర దగ్గరగా పేర్చియుండును. అట్టి ఇరుకు సందున పైభాగపు సిద్ధబీజము క్రిందివరకు తగులకుండ వచ్చుట కష్టము. దీనికి సిరాగొడుగు కనుగొన్న ఉపాయము విచిత్రమైనది. సిద్ధబీజములు మొప్ప యంతట ఒకేసారి పండవు. క్రింది అంచున ముందుగా పండి రాలును. పని ముగిసిన ఆ అంచును గొడుగు తన ఎంజైములతోనే జీర్ణము చేసికొనును. ఆ పైభాగము ఇప్పుడు క్రొత్త అంచగును. ఇట్లు క్రిందినుండి పైకి, పండుట, రాలుట, కరుగుట అను మూడు పనులును వరుసగా సాగును. రాలవలసిన సిద్ధబీజమునకు ఎదుట ఎల్లపుడు ఖాళీ గాలి యుండును.

సిరా చుక్కలలో నల్లదనము అందు చిక్కుకొన్న సిద్ధబీజముల వలన కలిగినదే. కాని పెక్కు సిద్ధబీజములు అంతకు ముందే గాలిలో కలిసిపోయినవి. బుల్లర్ చీకటి గదిలో కాంతికిరణమును ప్రసరింపజేసి గొడుగు క్రింద రాలు సిద్ధబీజముల ధారను కంటితో చూచెను. కొప్రైనస్ కోమేటస్ అను పెద్ద సిరాగొడుగు ఒక్కటి ఐదువందల కోట్లకు పైగా సిద్ధబీజములను ఇచ్చునని లెక్కించెను. మొప్పలు అంటుకొనకుండ సిస్టీడియములు ఆపునను మికేలి ఊహను గూడ అతడు సమర్థించెను.

పేరు తప్పినచో

గుర్తింపు పండితుల వినోదము మాత్రమే కాదు. అట్రమెంటేరియస్ ను వండుకొని తిన్నవారికి సాధారణముగా ఏమియు కాదు. కాని దానితోపాటు, లేక తరువాత రెండు మూడు దినములలో, మద్యము త్రాగినచో ముఖము ఎర్రబడి, గుండె దడదడలాడి, తలనొప్పి, వాంతులు కలుగును. ఒకే విందులో త్రాగనివాడు సుఖముగా ఉండగా త్రాగినవాడు మంచమెక్కును.

1948లో డెన్మార్కు దేశమున హాల్డ్, జాకబ్సన్ అను శాస్త్రజ్ఞులు డైసల్ఫిరామ్ అను మందు సేవించినవారికి మద్యము త్రాగినపుడు ఇట్టి బాధయే కలుగునని ప్రకటించిరి. త్రాగుడు మాన్పించుటకు ఆ మందు వాడుకలోనికి వచ్చినది. సిరాగొడుగులో ఉన్నదియు డైసల్ఫిరామే కావచ్చునని పలువురు తలచిరి. 1956లో చెకోస్లొవేకియాలో దానిని గొడుగునుండి వేరుచేసితిమని గూడ ప్రకటన వెలువడినది. తరువాత పరీక్షించినవారికి అది దొరకలేదు. 1975లో స్వీడన్, అమెరికా దేశములలోని రెండు బృందములు వేరువేరుగా నిజమైన పదార్థమును కనుగొన్నవి. దాని పేరు కొప్రీన్. శరీరములో మద్యము మొదట ఎసిటాల్డిహైడుగాను, పిమ్మట ఎసిటిక్ ఆమ్లముగాను మారును. కొప్రీన్ నుండి పుట్టిన పదార్థము రెండవ మార్పును జరుపు ఎంజైమును ఆపును. ఎసిటాల్డిహైడు పేరుకొని బాధించును. లక్షణములు ఒక్కటే యైనను పదార్థములు వేరు. పోలికను చూచి ఒకటే యని తీర్మానించుట ఇచ్చట గూడ తప్పినది.

ఇల్లు విడిపోయినది

ఇంతకంటె పెద్ద పొరపాటు 1990 తరువాత బయటపడినది. అమెరికాలో విల్గాలిస్, హాపుల్ మొదలగువారు సిరాగొడుగుల డి.ఎన్.ఎ. వరుసలను ఇతర గొడుగుల వానితో పోల్చి చూచిరి. కోమేటస్ అను పెద్ద సిరాగొడుగు, తోటలలో పెంచు తెల్లని బటన్ గొడుగునకు దగ్గరి చుట్టమని తేలినది. మైకేసియస్, అట్రమెంటేరియస్ మొదలగునవి వేరొక శాఖకు చెందినవి. ఆ శాఖలో కరుగని సాథిరెల్లాలు గూడ ఉన్నవి. అనగా కరిగి సిరా యగుట ఒకే వంశమున పుట్టిన గుణము కాదు. వేరువేరు శాఖలలో వేరువేరుగా ఏర్పడినది. పక్షికిని గబ్బిలమునకును రెక్కలున్నంతమాత్రాన అవి ఒకే వంశము కానట్లే యిది.

2001లో కెనడా దేశపు రెడ్‌హెడ్, విల్గాలిస్ మొదలగువారు కలిసి ప్రజాతిని పునర్విభజించిరి. నామకరణ నియమముల ప్రకారము ఒక ప్రజాతి పేరు దాని ప్రమాణజాతి వెంట పోవలెను. కొప్రైనస్ ప్రమాణజాతి కోమేటస్. కావున పాత పేరు దానికిని, దాని దగ్గరి చుట్టములు కొన్నింటికిని మాత్రమే దక్కెను. తక్కినవి కొప్రైనెల్లస్, కొప్రినాప్సిస్, పారాసోలా అను మూడు ప్రజాతులలో సర్దబడినవి. మెరుపు సిరాగొడుగు నేడు కొప్రైనెల్లస్ మైకేసియస్. అట్రమెంటేరియస్ నేడు కొప్రినాప్సిస్ అట్రమెంటేరియా. కరుగనిదై తగవు తెచ్చిన డిసెమినేటస్ గూడ కొప్రైనెల్లస్ లోనే చేరినది. కరుగుటను మాత్రమే చూచినవారికి అది పరాయిదిగా కనబడెను. నిజమునకు అది మెరుపు సిరాగొడుగునకు సన్నిహితమైన బంధువు.

మోడు వద్ద విద్యార్థి

ఈ చరిత్ర తెలిసిన విద్యార్థి మోడు వద్ద గొడుగులను చూచినపుడు ఒక్క గుర్తుతో తృప్తిపడడు. ఉదయముననే వెళ్లి లేతది, విచ్చినది, కరుగుచున్నది మూడింటిని సేకరించును. నేలనుండి లేచినట్లున్నచో క్రింద త్రవ్వి, పూడిన కట్టె కలదేమో చూచును. గొడుగుపై అభ్రకపు రేణువులున్నచో అది మైకేసియస్ కావచ్చును. కాని పెద్దవాన కురిసినచో ఆ రేణువులు కడుగుకొనిపోవును, కావున అవి లేనంతమాత్రాన కాదనరాదు. మొదట నారింజ చాప ఉన్నచో డొమెస్టికస్ ను, దాని దగ్గరి బంధువులను తలపవలెను. వందలకొలది చిన్న గొడుగులు కరుగకుండ ఉన్నచో డిసెమినేటస్ ను తలపవలెను. బూడిదరంగుతో, పెద్దదిగా, మెరుపు లేకుండ ఉన్నచో అట్రమెంటేరియా కావచ్చును.

తరువాత తెల్లకాగితముపై ఒక గొడుగును బోర్లించి, గాజు గ్లాసు మూసి కొన్ని గంటలు ఉంచవలెను. సిరాగొడుగు అచ్చు నల్లగానో, నలుపు కలిసిన గోధుమరంగుననో పడును. తుప్పురంగు పడినచో అది సిరాగొడుగు కాదు. చల్లని దేశములలో కుళ్లిన కట్టెపై పెరుగు గాలెరినా అను చిన్న గోధుమరంగు గొడుగు అచ్చు తుప్పురంగుది. అందు కాలేయమును చెరచి ప్రాణము తీయు విషము కలదు.

సూక్ష్మదర్శిని ఉన్న పాఠశాలలో మరియొక మెట్టు ఎక్కవచ్చును. మైకేసియస్ సిద్ధబీజములు 7 నుండి 10 మైక్రానుల పొడవుండి, క్రైస్తవ బిషప్పులు ధరించు కిరీటమువలె భుజములు తేరియుండును. దానిని అచ్చముగా పోలిన ట్రంకోరమ్ అను జాతి సిద్ధబీజములు కోడిగ్రుడ్డు ఆకృతిలో నుండును. 1772లో స్కోపోలి వర్ణించిన జాతి యిది. మైకేసియస్ కాడపై సన్నని నూగు కణములుండును. ట్రంకోరమ్ కాడ నున్నన. కంటికి ఈ భేదములు తెలియవు. అందుచే కంటితో మాత్రమే చూచినవాడు "మెరుపు సిరాగొడుగుల గుంపునకు చెందినది" అని వ్రాసికొనుట నిజాయితీ గల సమాధానము.

వరిగడ్డిపై గొడుగులను పెంచు రైతులకు సిరాగొడుగులు కలుపుగా పరిచయమే. అవి గడ్డి పరుపులపై ముందుగా లేచి, పెంపకపు గొడుగునకు చెందవలసిన ఆహారమును హరించును. ఇట్టి చోట్లను, పాఠశాల ప్రక్కనున్న మోడును ఏటేటా గమనించి, తేదీ, కట్టె రకము, వాన, గొడుగు కొలతలు, అచ్చు రంగు వ్రాసి యుంచినచో, అది మంచి పరిశీలనా గ్రంథమగును. గొడుగును వెంటనే పలుచని ముక్కలుగా కోసి గాలి సోకు చోట త్వరగా ఆరబెట్టినచో కరుగకుండ నిలుచును.

ఇక పిల్లలు తప్పక అడుగు ప్రశ్న: "తినవచ్చునా?" ఉపాధ్యాయుడు "వద్దు" అనవలెను. క్లూసియస్ నిరపాయమైన గొడుగును హానికరమన్నాడు. అందువలన ఎవరికిని కీడు కలుగలేదు. ఆ పొరపాటు తారుమారైనచో ఒక ప్రాణము పోవచ్చును. అందుచేత పరీక్షలన్నియు ముగియువరకు మోడుపై గొడుగు పరిశీలనకే గాని పళ్లెమునకు కాదు.